నొప్పికి 78 మాటలు

నుదుటి మీద నల్ల సిరా పూస్తారు. ఎదురుగా వేడి దీపం. ఆ వెలుగు 3 సెకన్లపాటు ఒకేచోట పడుతుంది. ఎప్పుడు చురుక్కుమందో కూర్చున్న మనిషి చెప్పాలి. తర్వాత వేడి కాస్త పెంచి మళ్లీ అడుగుతారు. 1940లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో జేమ్స్ హార్డీ, హెరాల్డ్ వుల్ఫ్, హెలెన్ గుడెల్ నొప్పిని కొలవడానికి ఎంచుకున్న పద్ధతి ఇది. ముందుగా తమ నుదుళ్లే కాల్చుకున్నారు. జ్వరానికి థర్మామీటరు ఉన్నప్పుడు నొప్పికి మాత్రం ఎందుకుండకూడదన్నది వాళ్ల పట్టుదల. కొలమానానికి 'డాల్' అని పేరు పెట్టారు. సున్నా నుంచి పదిన్నర డాల్‌ల వరకు స్కేలు గీశారు. అది దాటితే వేడి ఎంత పెంచినా నొప్పిలో తేడా తెలియదని వాళ్ల లెక్క.

ఈ యంత్రం పురిటి గదిలోకి కూడా వెళ్లింది. హార్డీ మరో వైద్యుడితో కలిసి 1949లో ప్రచురించిన పత్రంలో ఆ వివరాలున్నాయి. ఒక నొప్పి వచ్చిపోయి ఇంకో నొప్పి వచ్చేలోపు ఆ తల్లి చేతి మీద వేడి పెట్టి, ఇందాకటి నొప్పి దీనంత ఉందా, ఇంకా ఎక్కువా అని అడిగేవాళ్లు. ఇప్పుడెవరైనా ఇలాంటి ప్రయోగం చేస్తామని నైతిక సంఘం ముందుకెళితే తలుపు దగ్గరే ఆపేస్తారు.

యంత్రంలో లోపం లేదు. లోపమల్లా దాని వెనకున్న నమ్మకంలోనే. ఆరోగ్యంగా ఉన్న మనిషి, ఇంకో క్షణంలో దీపం ఆరిపోతుందని తెలిసి ఓర్చుకునే మంట వేరు. ఇది ఎన్నాళ్లుంటుందో, ఎక్కడికి తీసుకెళుతుందో తెలియని రోగి నొప్పి వేరు. 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు వైద్యుడికి ఈ తేడా కళ్లకు కట్టింది. ఒళ్లు ఛిద్రమై వచ్చిన సైనికుల్లో చాలామంది మార్ఫిన్ వద్దన్నారు. యుద్ధం తర్వాత చూస్తే, అంతకన్నా చిన్న కోతలు పడ్డ మామూలు పౌరులు మందు ఇవ్వమని అడిగేవాళ్లు. సైనికుడికి గాయమంటే బతికి బయటపడ్డాననీ, ఇక ఇంటికి పంపిస్తారనీ అర్థం. పౌరుడికి అదే కోత కాపురం మీద పడ్డ పిడుగు. ఏ దీపంతో కొలిస్తే ఈ తేడా తెలుస్తుంది?

రోనాల్డ్ మెల్జాక్ ఈ ప్రశ్న దగ్గరికి కుక్కల మీదుగా వచ్చాడు. 1929లో మాంట్రియల్‌లో పుట్టిన మెల్జాక్ అక్కడి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ దగ్గర పరిశోధన చేశాడు. స్కాటిష్ టెర్రియర్ జాతి కుక్కపిల్లల్ని బయటి ప్రపంచం కంటపడకుండా విడివిడి బోనుల్లో పెంచారు. పెద్దయ్యాక వదిలితే అవి వింతగా ప్రవర్తించాయి. మామూలు కుక్క ఒక్కసారి మూతి కాలితే అగ్గిపుల్ల చాయలకు రాదు. ఇవి మంటలో ముక్కు పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుని, మళ్లీ అదే మంటను వాసన చూడబోయేవి. తక్కువ ఎత్తులో ఉన్న నీటి గొట్టాలకు తల ఠంగుమని తగిలినా ఏమీ జరగనట్టే తిరిగేవి. వాటి నరాలకేం జబ్బు లేదు. కొరవడింది పెంపకమే. నొప్పిని నొప్పిగా పోల్చుకోవడమన్నది కూడా పెరుగుతూ నేర్చుకునేదేనన్న ఆలోచన మెల్జాక్‌ను ఇక్కడే పట్టుకుంది.

డాక్టరేట్ అయ్యాక 1950లలో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు, విలియం లివింగ్‌స్టన్ నడిపే నొప్పి క్లినిక్‌కు వెళ్లాడు. అక్కడికో పెద్దావిడ వచ్చేది. డెబ్బై దాటిన వయసు. మధుమేహం ముదిరి పాదం కుళ్లితే కాలు తీసేశారు. లేని కాలు ఆమెను వదల్లేదు. పోయిన పాదంలో, పోయిన వేళ్లలో భరించలేని నొప్పి. మాట కలుపుగోలు, మనిషి హుషారు. అయినా కబుర్ల మధ్యలో ఉన్నట్టుండి నొప్పి లేచేది. ఎర్రగా కాల్చిన ఇనప చువ్వ వేళ్ల సందుల్లోంచి చీలమండలోకి దించుతున్నట్టుందని చెప్పేది. ఇంకోసారి మంట అనేది. మరోసారి ఎవరో నొక్కి నలిపేస్తున్నట్టుందనేది. మెల్జాక్ పక్కన కూర్చుని ఆ మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె మాటలే కాదు, క్లినిక్‌కు వచ్చే మిగతావాళ్లవి కూడా. పుస్తకాల్లో వైద్యులు నమోదు చేసినవీ చేరాయి. జాబితా వంద దాటింది.

నా ఉద్దేశంలో ఆవిష్కరణ ఈ రాసుకోవడమే. వైద్యులు అప్పటిదాకా 'ఎక్కడ', 'ఎంత' అని అడిగేవాళ్లు. 'ఎలా' అని అడిగినవాళ్లూ ఉన్నారు గానీ, రోగి చెప్పిన జవాబును కొలతకు పనికొచ్చే సరుకుగా ఎవరూ చూడలేదు. అలంకారం కింద తీసేసేవాళ్లు.

పోగేసిన మాటల్ని ఏం చేయాలో మెల్జాక్‌కు చాలాకాలం తోచలేదు. వారెన్ టార్గర్సన్ పరిచయమయ్యాక దారి దొరికింది. టార్గర్సన్ గణాంకాల మనిషి. మనసుకు సంబంధించిన విషయాల్ని తూకం వేసే పద్ధతుల మీద 1958లోనే పెద్ద పుస్తకం రాశాడు. ఇద్దరూ కలిసి 102 మాటల్ని గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో వేడికి సంబంధించినవి, ఒకదాంట్లో గుచ్చుకునేవి, ఒకదాంట్లో లాగేవి. తర్వాత వైద్యులకు, రోగులకు, విద్యార్థులకు ఆ గుంపులిచ్చి, ఒక్కో మాటకు ఎంత తీవ్రత ఉందో అంకె వేయమన్నారు. ఒక్కొక్కరూ వేసిన అంకెలు వేరు. కానీ ఏ మాట కింద, ఏ మాట పైన అన్న వరసలో పెద్దగా తగాదా రాలేదు. చదువూ స్థోమతా వేరైనా ఆ వరస మారలేదు. 'నొప్పి భాష గురించి' అన్న అర్థం వచ్చే పేరుతో 1971లో ఆ పత్రం అచ్చయింది. ఈలోగా 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి మెల్జాక్ ఇంకో పెద్ద పని చేశాడు. వెన్నుపాములో నొప్పికి తలుపు లాంటి ఏర్పాటు ఉందనీ, మెదడు పైనుంచి దాన్ని వేయగలదు, తీయగలదనీ సిద్ధాంతం ప్రతిపాదించాడు. అతని పేరు వైద్య విద్యార్థులకు తెలిసింది దానివల్లే. నాకు మాత్రం పట్టికే పెద్ద పనిగా కనిపిస్తుంది.

1975లో 'పెయిన్' పత్రిక మొదటి సంపుటంలో మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళి వెలువడింది. 78 మాటలు, 20 గుంపులు. మొదటి పది గుంపులు ఒంటికి తెలిసేవి: అదరడం, పొడవడం, కొరకడం, మండడం. తర్వాతి అయిదు మనసుకు తగిలేవి: అలసట, వికారం, భయం, క్రూరంగా శిక్షించడం. పదహారోది మొత్తం మీద ఎలా ఉందన్న తీర్పు, చిరాకు దగ్గర మొదలై భరించలేనంత వరకు. చివరి నాలుగు ఎందులోనూ ఇమడని చిల్లర. పక్కనే మనిషి బొమ్మ ముందు నుంచీ వెనక నుంచీ గీసి ఉంటుంది, ఎక్కడ నొప్పో గుర్తు పెట్టాలి. ఒక్కో గుంపులోంచి ఒక్క మాటే ఎంచుకోవాలి. ఏదీ సరిపడకపోతే ఆ గుంపు వదిలేయొచ్చు. కాగితం రోగి చేతికిచ్చి వెళ్లిపోకుండా, అడిగేవాళ్లు మాటలు చదివి వినిపించి, తెలియనివి విడమరచాలన్నది మెల్జాక్ కోరిక. మొదట్లో ఒక్కో రోగికి 15 నుంచి 20 నిమిషాలు పట్టేది.

పరీక్ష మరుసటి ఏడాదే జరిగింది. డుబుయిసన్ అనే పరిశోధకుడితో కలిసి మెల్జాక్ 8 రకాల నొప్పులున్న 95 మందితో ప్రశ్నావళి నింపించాడు. పంటి నొప్పి, కీళ్ల నొప్పి, నెలసరి నొప్పి, పురిటి నొప్పులు, వెన్నుపూసల మధ్య డిస్కు అరిగినవాళ్లు, సర్పి తగ్గాక నరాల మంట మిగిలినవాళ్లు, లేని కాలు నొప్పి పెట్టేవాళ్లు, ఒళ్లంతా పాకిన క్యాన్సర్ ఉన్నవాళ్లు. ఎంచుకున్న మాటల్నిబట్టే ఎవరిది ఏ నొప్పో గణాంక పద్ధతిలో పోల్చి చూస్తే 77 శాతం మందిని సరిగ్గా పట్టుకోగలిగారు. ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు, ఉత్త మాటలే. పంటి నొప్పివాళ్లు అదురుతోందని, తొలిచేస్తోందని అన్నారు. తీర్పు దగ్గరికొస్తే 'చిరాకు' దగ్గర ఆగారు. క్యాన్సర్ వాళ్లు కొరుకుతున్నట్టు, బరువుగా, మండుతున్నట్టు అన్నారు. తీర్పు దగ్గర 'భరించలేనిది' ఎంచుకున్నారు.

ఇక్కడిదాకా కథ ఇంగ్లీషులో నడిచింది. ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లోనే అన్ని ఇళ్లూ ఒక్కలా మూలగవని అప్పటికే తెలుసు. మార్క్ జ్‌బొరోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రోగుల్ని గమనించి 1952లో రాశాడు. ఇటాలియన్ కుటుంబాల వాళ్లు బాహాటంగా ఏడ్చేవాళ్లు, మందు పడి నొప్పి తగ్గితే నెమ్మదించేవాళ్లు. యూదులు కూడా అలాగే ఏడ్చేవాళ్లు గానీ మందు పడ్డాకా దిగులు పోయేది కాదు, ఈ నొప్పి దేనికి సూచనో, రేపేమవుతుందోనని. తరతరాలుగా అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఎవరి కథో చెబుతున్నట్టు తొణక్కుండా చెప్పేవాళ్లు. ఈ పరిశీలనల్ని జాతులకు ముద్రలు వేయడానికి వాడుకున్నవాళ్లు లేకపోలేదు, అది వేరే గొడవ. 1960లలో ఇర్వింగ్ జోలా బోస్టన్‌లో చేసిన పని నాకు ఇంకా పదునుగా అనిపిస్తుంది. కన్ను, చెవి, గొంతు జబ్బులతో వచ్చిన ఐరిష్, ఇటాలియన్ రోగుల్ని పోల్చాడు. జబ్బు అదే అయినా ఐరిష్ వాళ్లు నొప్పి లేదనేవాళ్లు. కంట్లో ఇసుక పడ్డట్టుందంటారు, అది నొప్పి కాదంటారు. ఇటాలియన్లు ఒంట్లో అనేక చోట్ల, అనేక బాధలు చెప్పేవాళ్లు. పరీక్షల్లో ఏమీ తేలని సందర్భాల్లో వైద్యులు 'ఇదంతా మానసికం' అని రాసింది ఎక్కువగా ఇటాలియన్ల చీటీల మీదే. ఎక్కువ చెప్పుకున్నందుకు దొరికిన ప్రతిఫలం అది.

ప్రశ్నావళి దేశాలు తిరగడం మొదలుపెట్టాక ఈ చిక్కులన్నీ రెట్టింపయ్యాయి. కొందరు 78 మాటల్నీ వరసగా తమ భాషలోకి దింపేసుకున్నారు. కొందరు మాత్రం మెల్జాక్ పోర్ట్‌లాండ్‌లో చేసిందే మళ్లీ మొదటి నుంచి చేశారు. ఫిన్లాండ్ పరిశోధకులు తమ భాషలోని నొప్పి మాటల్నే పోగుచేసి, గుంపులు కట్టి 1981లో సొంత ప్రశ్నావళి తయారుచేసుకున్నారు. కువైట్‌లో ఆన్ హారిసన్ అరబిక్ మాటలతో అదే దారి పట్టి 1988లో ప్రచురించింది. థాయ్ భాష మీద ఫాబ్రెగా, టైమా 1976లోనూ, డిల్లర్ 1980లోనూ రాశారు. అక్కడ నొప్పిని ఎక్కువగా క్రియలతోనే చెబుతారు, పుండుకొకటి, కడుపుకొకటి. ఇంగ్లీషులో లాగా ఒక పెద్ద నామవాచకం పెట్టి దానికి విశేషణాలు తగిలించే అలవాటు లేదు. జపానులో రోగులు చప్పుళ్లతో చెబుతారు. తల అదురుతుంటే జుకిజుకి, సన్నగా గుచ్చుతుంటే చికుచికు, చర్మం మండితే హిరిహిరి. అక్కడి వైద్యులకు ఇవి పిల్లల మాటలు కావు, పనికొచ్చే సమాచారం.

జపాను సంగతి చదువుతుంటే తెలుగువాళ్లకు నవ్వు రావాలి. మనమూ అంతే కదా. పన్ను జివ్వుమంటుంది, నడుం కలుక్కుమంటుంది, కళ్లు భగభగ మండుతాయి, గాయం చిమచిమలాడుతుంది. పుండు సలుపుతుంది, చెవి పోటు పెడుతుంది, కడుపులో మెలిపెడుతుంది. కాళ్లు కోస్తాలో పీకుతాయి, తెలంగాణలో గుంజుతయి. జ్వరం తగ్గాక ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటుంది. ఇంకాస్త ముదిరితే ఎముకలు నమిలేస్తున్నట్టు, పేగులు తోడేస్తున్నట్టు. ఇందులో 'సలుపు'కూ 'పోటు'కూ తేడా తెలియని అమ్మమ్మ ఉండదు. సలుపు విడవకుండా లోపల్లోపల తిరుగుతుంది, పోటు పొడిచి పొడిచి వదులుతుంది. డాక్టరుగారు మాత్రం కేసు షీటులో రెంటికీ 'పెయిన్' అని రాసి ఊరుకుంటారు.

నొప్పి అనని నొప్పులు ఇంకా ప్రమాదం. బోస్టన్‌లో ఐరిష్ రోగి కంట్లో ఇసుక అన్నట్టే, మనవాళ్లు ఛాతీ పట్టుకుని 'నొప్పేం లేదండీ, గ్యాస్ పట్టేసింది' అంటారు. సోడా తాగి పడుకుంటారు. గుండెకు రక్తం అందనప్పుడు కలిగేది చాలామందికి నొప్పిలా ఉండదు, బిగిసినట్టు, బరువెత్తినట్టు, ఊపిరి పట్టేసినట్టు ఉంటుంది. ఆ జబ్బును లండన్‌లో విలియం హెబర్డెన్ వర్ణించి పేరు పెట్టిన వ్యాసం 1772లో అచ్చయింది. పేరు పెట్టేటప్పుడు అతను ఎంచుకున్నది కూడా ఆ పిసికేసే లక్షణాన్నే, నొప్పిని కాదు. 'నొప్పి ఉందా' అని అడిగితే 'లేదు' అనే మనిషిని 'ఎలా ఉంది' అని అడిగితే అంతా బయటపడుతుంది.

మెల్జాక్ పట్టికలో రెండో భాగం, మనసుకు తగిలే మాటలు, తెలుగులో నిలబెట్టడం అన్నిటికన్నా కష్టమని నా అనుమానం. ఇంగ్లీషు పట్టికలో నొప్పి క్రూరమైనది, పగబట్టినది, శిక్షించేది. మన దగ్గర నొప్పికి ఈ విశేషణాలు తగిలించరు. ముదిరిన క్యాన్సర్‌తో మంచాన పడ్డ పెద్దాయన్ని ఎలా ఉందని అడిగితే, 'ఏ జన్మలో ఏం చేసుకున్నానో' అంటాడు. 'పిల్లలకు బరువైపోయాను' అంటాడు. 'ఆ దేవుడు తీసుకుపోతే బాగుండు' అంటాడు. వినేవాళ్లకు ఇది నిట్టూర్పు, వేదాంతం. నిజానికి అడిగిన ప్రశ్నకు జవాబే, తీవ్రతతో సహా. నొప్పి గురించి చెప్పమంటే మనవాళ్లు తమ గురించి, ఇంటి గురించి చెబుతారు.

దీన్ని వినిపించుకున్న మనిషి సిసిలీ సాండర్స్. నర్సుగా, ఆసుపత్రి సంక్షేమాధికారిగా పనిచేసి, చివరికి వైద్యం చదివి 1957లో డాక్టరైంది. మరుసటి ఏడాది నుంచి లండన్ హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్‌లో మరణానికి చేరువైన రోగుల మాటల్ని టేపు రికార్డరులో పట్టడం మొదలుపెట్టింది. నొప్పి గురించి అడిగితే ఒకామె వెన్ను దగ్గర మొదలుపెట్టి, మందుల కోసం ఏడుపొచ్చినా అడగకూడదనుకోవడం, తనకోసం భర్త, కొడుకు పనులు మానుకోవాల్సి వస్తుందనుకోవడం, ఎవరూ తనను అర్థం చేసుకోవడం లేదనుకోవడం దాకా ఒకే ఊపున చెప్పుకుపోయింది. సాండర్స్ దేన్నీ పక్కన పెట్టలేదు. ఒళ్లు, మనసు, సంసారం, భక్తి నాలుగూ కలిసిన 'సంపూర్ణ నొప్పి' అన్న భావన అక్కడ పుట్టింది. 1967లో ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ దాని మీదే నిలబడింది. మెల్జాక్ రోగి నోట మాటల్ని ఏరుకున్నాడు, సాండర్స్ వాక్యాల్ని వాక్యాలుగానే ఉంచింది. మన రోగులకు దగ్గరగా వచ్చేది సాండర్స్ పద్ధతే అనుకుంటాను.

ఆసుపత్రుల్లో చివరికి గెలిచింది మాత్రం అంకె. రద్దీలో 20 నిమిషాలు ఎవరికున్నాయి? మెల్జాకే 1987లో 15 మాటల పొట్టి ప్రశ్నావళి చేశాడు. ఆ తర్వాత అదీ బరువై, 'పదికి ఎంత' అన్న ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నకు మన పల్లెటూరి రోగి తికమకపడతాడు. పదికి ఎంత అంటే పరీక్షలో మార్కులు గుర్తొస్తాయి, తక్కువ చెబితే తప్పేమోనని పెంచి చెబుతాడు. అదే 'రూపాయిలో ఎంత తగ్గింది తాతా' అని అడిగి చూడండి. 'పావలా తగ్గింది, ముప్పావలా అట్లాగే ఉంది' అని ఠక్కున అంటాడు. పావలా చలామణీలోంచి 2011లోనే పోయింది. నొప్పి లెక్కలో ఇంకా చెల్లుతోంది.

నొప్పి మీద అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని ఎవరైనా చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. మెల్జాక్ అంతకు ముందటేడు, 2019లో పోయాడు. తెలుగులో ఎవరైనా ఈ పని పూనుకుంటే 78 మాటల కాగితం ముందు పెట్టుకుని నిఘంటువు తిప్పొద్దని నా మనవి. క్యాన్సర్ వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ, మంచం పక్కన చాప పరుచుకుని పడుకునే కోడలు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త ఇప్పటికే వినేసిన మాటలు చాలా ఉంటాయి. ముందు వాళ్లను అడిగి, శ్రీకాకుళంలో ఒక జాబితా, అనంతపురంలో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి రాసుకోవాలి. గుంపులు కట్టే పని ఆ తర్వాత.